టర్బో చల్లారేదాకా

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, పసుపునీళ్లలో సున్నం కలిపి ఎర్రగా చేసి చూపించి, చేతబడి అంటే ఇంతే పిల్లలూ అని ఏటా చెప్పే మనిషిని నేను. ఒకసారి మా బడిలో ఎనిమిదో తరగతి గదిలో దయ్యం ఉందని పిల్లలు బయటికి పరుగెత్తారు. ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకుని అన్నం తిన్నాను. కిటికీ రెక్క వదులై గాలికి కొట్టుకుంటోంది, అంతే. తాడు ముక్కతో కట్టేస్తే దయ్యం పోయింది.

అలాంటిదాన్ని ఇప్పుడు ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది లింగాల ఘనపూర్ మండలంలో ఒక ఊరు. ఉద్యోగం వచ్చాక నేను జనగామలో ఉండిపోయాను. తమ్ముడు శ్రీను నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. ఐటీఐలో డీజిల్ మెకానిక్ పని నేర్చుకుని, భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్లు బాగుచేసే ఒక షెడ్డులో పనిచేసేవాడు. సెలవు దొరికినప్పుడు ఊరికి పోతూ పోతూ మా ఇంట్లో అన్నం తిని పోవడం వాడికి అలవాటు. చిన్నప్పుడు వాడిని చంకనేసుకుని వాడకట్టంతా తిప్పింది నేనే. అందుకని వాడి మీద నాకు పెత్తనం ఎక్కువ, ఓపిక తక్కువ.

వాడు పెద్దవంగరలో ఒక రిటైరైన పోస్టుమాస్టర్ దగ్గర పాత డీజిల్ కారు కొన్నాడు. ఎప్పుడో తెల్లగా ఉండేదట. వరిగడ్డి పక్కన రేకుల కింద ఏళ్ల తరబడి నిలబడి పాలమీగడ రంగుకు వచ్చింది. ఇంజను మాత్రం గట్టిది. అయితే నలుగురు ఎక్కితే చాలు, ఎత్తు రాగానే మూలిగేది, వెనకాల వచ్చేవాళ్లకు నల్లపొగ పట్టేది. మా ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "శ్రీనూ, దీనికన్న ఎడ్లబండి నయం. గడ్డి తిన్నా పొగ ఇడువది" అన్నాడు. శ్రీను కూడా నవ్వాడు.

వాడి లెక్క వేరే ఉంది. ఆ ఇంజనుకు టర్బో పెట్టాలి. పొగగొట్టంలోంచి ఊరికే పోయే వేడిగాలితో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దాంతో ఇంజనులోకి ఎక్కువ గాలిని నెట్టే యంత్రం అది. గాలి ఎక్కువైతే డీజిలు బాగా మండుతుంది, బండికి బలం వస్తుంది. అసలు టర్బో లేని బండికి తర్వాత పెట్టడమంటే బోల్టులు బిగిస్తే అయ్యే పని కాదు. నూనె పైపులు కొత్తగా వేయాలి, డీజిలు పంపు సరిచేయాలి. మానుకోటలో సలీం భాయ్ అనే పెద్దాయన చేస్తానన్నాడట. వాడు ఇదంతా కాగితం మీద గీసి చూపిస్తే నాకు చప్పున అర్థమైంది. అయినా అర్థం కానట్టే ఉన్నాను. పెళ్లీడు దాటిపోతుంటే వీడికి ఈ ఇనుము గోలేంటని నా కోపం.

"ఇప్పుడు గిది ముసలెద్దక్కా. టర్బో పడనియ్యి, నిన్ను ముంగట కూసోవెట్టుకొని భూపాలపల్లి దాక తీస్కపోత" అనేవాడు.

"నీ డొక్కు కార్ల నేనెక్క. నాకు బస్సున్నది" అనేదాన్ని.

వాడికి ఇంకో పిచ్చి ఉండేది. టర్బో ఉన్న బండిని ఆపగానే ఇంజను ఆపకూడదు. లోపల ఆ చక్రం విపరీతంగా కాగి ఉంటుంది. ఒకటి రెండు నిమిషాలు ఇంజనును అలా నడవనిస్తే నూనె తిరిగి అది చల్లబడుతుంది. లేకపోతే మాడిపోతుంది. ఇది నిజమే. కానీ వాడు టర్బో పెట్టకముందు నుంచే ఇది పాటించడం మొదలుపెట్టాడు. మా గేటు ముందు బండి ఆపి, దిగకుండా, ఇంజను ఆపకుండా, మోచేయి కిటికీ బయటపెట్టి రేకు మీద దరువేస్తూ కూర్చునేవాడు.

"లేని టర్బోకు సల్లారుడేందిరా?" అని అరిచాను ఒకరోజు.

"అలవాటు గావాలె గదక్కా. రేపు పెట్టినంక యాది మరిస్తె ఎట్ల?"

ఆ రెండు నిమిషాలూ నేను గేటు దగ్గర నిలబడాలని వాడికి ఉండేది. పని సంగతులు, షెడ్డు సంగతులు అప్పుడే చెప్పాలనిపించేది వాడికి. ఇంట్లోకి వస్తే పిల్లలు మీద పడతారు, మా ఆయన రాజకీయాలు మొదలుపెడతాడు. నేను ఏనాడూ పూర్తిగా నిలబడలేదు. పొయ్యి మీద ఏదో ఒకటి ఉంటుంది కదా.

చివరిసారి వాడు వచ్చింది ఒక ఆదివారం మధ్యాహ్నం. గేటు తీశాను. వాడు ఎప్పటిలాగే ఇంజను ఆపలేదు, కానీ ఆ రోజు దరువు వేయలేదు.

"అక్కా, జర రెండు నిమిషాలు నిలవడు. నీకో మాట చెప్పాలె" అన్నాడు.

"ఇంట్లకొచ్చి చెప్పు. అన్నం సల్లారుతున్నది" అని లోపలికి వచ్చేశాను.

వాడు వచ్చాడు, తిన్నాడు. పిల్లలతో ఆడాడు. ఏమిట్రా ఆ మాట అని నేను అడగలేదు. నిజం చెప్పాలంటే మరిచిపోయాను. పోయేటప్పుడు వాడూ అనలేదు.

పదిహేడు రోజుల తర్వాత, నేను తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతుంటే ఫోను వచ్చింది. పొద్దున పనిలోకి దిగి, టిప్పరు కింద నుంచి బయటికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నాడట. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. గుండె అన్నారు. ముప్పై అయిదేళ్లు వాడికి.

వాడితో పాటు పనిచేసే ఒకాయన అంత్యక్రియలకు వచ్చి నాతో అన్నాడు, "నెల దినాల సంది ఛాతిల మంట అనెటోడక్కా. గ్యాస్ గోలీలు మింగెటోడు. మా అక్కకు చెప్త, మంచి డాక్టర్ దగ్గరికి తీస్కపోతది అన్నడు." ఆయన మంచి మనసుతోనే చెప్పాడు. ఆ మాట నాలో ఎక్కడ దిగిందో ఆయనకు తెలియదు. అప్పటి నుంచి నాకు ఒకటే ప్రశ్న. వాడు ఆ ఆదివారం చెప్పాలనుకున్నది అదేనా? నేను రెండు నిమిషాలు నిలబడి ఉంటే నా తమ్ముడు బతికేవాడా?

మూడో రోజు మా వైపు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, దూరం జరిగి, కాకి వచ్చి ముట్టేదాకా చూస్తారు. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని, అదేమిటో ఊహించి, తీరుస్తామని గట్టిగా మాటివ్వాలి. కోడికూర, సర్వపిండి, పచ్చిపులుసు, అన్నీ పెట్టాం. కాకులు చింతచెట్టు మీదే ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కింది. పెళ్లి కాలేదని కుములుతున్నాడేమో అని ఒకరు, అమ్మ మీద రందేమో అని ఒకరు. అమ్మను బాగా చూసుకుంటామని మొక్కారు. దిగలేదు. చివరికి మా బాపు లేచి, పై కండువా చేతిలో పట్టుకుని, "నీ బండికి టర్బో పెట్టిస్త బిడ్డా. రా కొడుకా, రెండు మెతుకులు ముట్టు" అన్నాడు.

కాకి వచ్చింది. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను కానీ, బాపు మాటకు మేమంతా నాలుగడుగులు వెనక్కి జరిగాం, అందుకే కాకి దిగింది అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

షెడ్డు నుంచి తెచ్చిన కారు డిక్కీ తెరిస్తే వాడి పాత తువ్వాలలో చుట్టి టర్బో ఉంది. ఎక్కడో పాత సామాను దుకాణంలో వెతికి, కడిగి, నూనె రాసి పెట్టుకున్నాడు. బాపు బస్సెక్కి మానుకోటకు పోయి సలీం భాయ్‌తో మాట్లాడి వచ్చాడు. మా ఆయన బండిని అక్కడికి చేర్చాడు. టర్బో పెట్టడానికి నెల పట్టింది. పని పూర్తయ్యాక బండి ఎవరు ఉంచుకోవాలన్న ప్రశ్న వచ్చింది. "నువ్వే ఉంచుకో బిడ్డా. మాకు నడపరాదు, అమ్మబుద్ధి గాదు" అన్నాడు బాపు. నాకు డ్రైవింగ్ వచ్చు. వాడు ఉన్నన్నాళ్లు ఎక్కనన్న బండిని తెచ్చుకున్నాను.

శ్రీను చెప్పింది నిజమే. బండి ఎత్తు మీద కూడా గుంజుకుపోతోంది. మానుకోట నుంచి జనగామ దాకా నాకు కళ్లు సరిగ్గా కనబడలేదు.

సాయంత్రం అయిదు గంటలకు మా గేటు ముందు ఆపి, వెంటనే తాళం తిప్పేశాను. చల్లబడనివ్వాలన్న సంగతి తట్టలేదు. ఇంజను ఆగలేదు. తాళం బయటికి తీశాను. అయినా ఆగలేదు. కంగారుపడి లోపలికి పోయి మా ఆయనను పిలిచాను. ఆయన వచ్చి అటూ ఇటూ చూస్తుండగానే అదే ఆగింది. దగ్గుతూ, కొట్టుకుంటూ కాదు. ఎవరో తాళం తిప్పినట్టు మెత్తగా ఆగింది.

డీజిలు ఇంజను ఒకసారి అంటుకుంటే కరెంటుతో పనిలేకుండా నడుస్తుంది. తాళం తీసినప్పుడు పంపు దగ్గర ఒక చిన్న మర డీజిలును ఆపాలి. అది ఇరుక్కుంటే ఇంజను ఆగదు. కాబట్టి నాకు భయం వేయలేదు. మర పాడైందనుకున్నాను.

కానీ బడి దగ్గర ఆపితే తాళం తిప్పగానే ఆగేది. కూరగాయల మార్కెట్టు దగ్గర ఆగేది. ఊళ్లో మా బాపు ఇంటి ముందు ఆగేది. మా ఆయన నడుపుకుంటూ వచ్చి ఇదే గేటు ముందు ఆపితే కూడా ఆగేది. నేను నడిపి, మా గేటు ముందు ఆపితేనే ఆగేది కాదు. రోజూ కూడా కాదు. మొత్తం ఆరుసార్లు. మూడుసార్లు మా ఆయన ఫోనులో టైము చూశాడు. ప్రతిసారీ రెండు నిమిషాలు దాటి కొన్ని సెకన్లు.

మళ్లీ మానుకోటకు తీసుకుపోయాను. సలీం భాయ్ ఆ మర విప్పి చూశాడు. శుభ్రంగా ఉంది. అయినా తీసేసి కొత్తది వేశాడు. వైర్లు కూడా మార్చాడు. నేను చెప్పిందంతా విని చేతులు తుడుచుకున్నాడు.

"చెత్త ఇరుక్కుంటె బంద్ గాదు, గది ఒప్పుకుంట బిడ్డా. గని ఇరుక్కున్నది రెండు నిమిషాలకు దానంతటదే ఎట్ల ఊడుతది? అన్ని జాగల్ల మంచిగుండి గా ఒక్క జాగల ఎట్ల ఇరుకుతది?" అన్నాడు. తర్వాత, "నువ్వు పరేషాన్ గాకు. టర్బోకైతె మంచిదే" అన్నాడు. ఆయన శ్రీనును మూడుసార్లే చూశాడట. ఆ మాట అంటూ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

కొత్త మర వేసిన తర్వాత కూడా ఒకసారి జరిగింది. అదే ఆరోసారి. ఆదివారం, మధ్యాహ్నం. ఊరి నుంచి ఒక్కదాన్నే వచ్చాను. తాళం తీశాను. ఇంజను నడుస్తూనే ఉంది.

అప్పటిదాకా అయిదుసార్లూ నేనేం చేశానో ఆ క్షణంలో గుర్తుకొచ్చింది. అయిదుసార్లూ దిగి, విసుక్కుని, లోపలికి నడిచాను, మా ఆయనను పిలవడానికో, సంచులు పెట్టడానికో. ఒక్కసారి కూడా ఆ రెండు నిమిషాలూ బండి దగ్గర నిలబడలేదు.

ఆ రోజు దిగి, తలుపు వేసి, డ్రైవరు కిటికీ పక్కన నిలబడ్డాను. గేటు తీసినప్పుడు ఎప్పుడూ నిలబడాల్సిన చోటు అది. సీటు ఖాళీగా ఉంది. కవరు మీద వాడు కూర్చుని కూర్చుని పడిన పల్లం ఉంది. వేడి డీజిలు వాసన. కిటికీ కింద రేకు చిన్నగా వణుకుతోంది. ఎదురింటివాళ్లు చూస్తారన్న సిగ్గు కూడా లేదు నాకు.

"చెప్పురా. నిలవడ్డ" అన్నాను.

ఏమీ వినబడలేదు. ఇది స్పష్టంగా రాయాలి. గొంతు వినబడలేదు, నీడ కనబడలేదు, గాలి చల్లబడలేదు. ఇంజను ఒకే తీరుగా నడిచింది. నేను రేకు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఛాతీలో మంటగా ఉందక్కా అంటాడేమో అని చూశాను. కనీసం భూపాలపల్లిలో ఎవరో పిల్ల నచ్చిందని అయినా చెప్తాడేమో అని చూశాను. రెండు నిమిషాలు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. ఎన్నిసార్లు వాడికి అంత ఇవ్వలేకపోయానో కూడా తెలిసింది. తర్వాత ఇంజను మెత్తగా ఆగింది. నేను అక్కడే గేటు పట్టుకుని కూలబడి ఏడ్చాను. మా ఆయన వచ్చి లేపాడు.

మళ్లీ అలా జరగలేదు. ఏడాది దాటింది.

కాకి ఎందుకు దిగిందో నేను చెప్పగలను. కిటికీ ఎందుకు కొట్టుకుందో చెప్పగలను. ఈ ఆరుసార్ల సంగతి మా బడిలో సీనియర్ సారును అడిగాను, సలీం భాయ్‌ను మళ్లీ అడిగాను, పుస్తకాలు చూశాను. నాకు జవాబు దొరకలేదు. వాడు చెప్పాలనుకున్న మాట ఏమిటో కూడా నాకు ఇంకా తెలియదు, ఇక తెలియదు.

ఇప్పుడు మా గేటు ముందు తాళం తిప్పితే చాలు, ఇంజను టక్కున ఆగిపోతుంది. అందుకే నేను వెంటనే తిప్పను. దిగి, తలుపు వేసి, కిటికీ పక్కన నిలబడతాను. లోపల అన్నం చల్లారుతుంది. చల్లారనీ.