మూడు పూతల మంచం కోడు

"ఎక్కడ పట్టుకోనే దీన్ని?" అన్నాడు మా ఆయన, మంచం కోడు చేతిలోకి తీసుకుంటూ.

"నడుమ పట్టుకోకండి, పాలిష్ ఇంకా పచ్చిగానే ఉంది. కింద నూనె పూసిన చోట పట్టుకోండి," అన్నాను.

"నాకే నేర్పుతున్నావూ," అని నవ్వి వెళ్ళాడు.

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలవి. అంతకన్నా మంచి మాట ఏదైనా అనుకున్నామేమోనని చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు.

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

ఇది పంతొమ్మిది వందల అరవైకి అటో ఇటో జరిగింది, ఏడాది సరిగ్గా చెప్పలేను. నూజివీడులో మాది తరిమెన పని. కర్రను రెండు ఇనుప మొనల మధ్య బిగించి, దానికి తాడు చుట్టి, ఆ తాడు నేను అటూ ఇటూ లాగుతుంటే కర్ర గిరగిరా తిరిగేది. ఆయన ఉలి ఆనించి చెక్కేవాడు. మంచం కోళ్ళు, పప్పుగుత్తులు, ఉయ్యాల గుబ్బలు. కాపు ఉడిగిన మామిడిచెట్లు తోటల్లో కొట్టేసినప్పుడు ఆ కర్ర తెచ్చుకునేవాళ్ళం. పని అయ్యాక గుడ్డతో పైనుంచి కిందికి ఒక్క తుడుపు తుడిచి కోడు దించడం నా వంతు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ అంతే.

తర్వాత జనం ఇనుప మంచాలు కొనడం మొదలుపెట్టారు. పని తగ్గింది. మామిడికాయలు ఎగుమతి చేసే షెడ్డులో పెట్టెలకు మేకులు కొట్టడానికి రమ్మని ఆయన్ని పిలిచారు. "ఉలి పట్టిన చేత్తో పెట్టెలు కొట్టమంటారా" అని వెళ్ళలేదు. ఆ ఎండాకాలం కూడా పని దొరక్కపోతే తరిమెన అమ్మేసి ఆ షెడ్డుకే వెళ్ళక తప్పదని ఇద్దరికీ తెలుసు.

అప్పుడే ఒక వ్యాపారి, బయటి ఊళ్ళ నుంచి కాయ కొనడానికి వచ్చేవాళ్ళు దిగేందుకు మేడ కట్టించాడు. పన్నెండు మంచాలకు కోళ్ళు కావాలి, ముందు నమూనా చూపించమన్నాడు. ఆ వ్యాపారికి ఏ పూత నచ్చుతుందో మాకు తెలియదు. మూడు కోళ్ళకు సరిపడా మంచి కర్ర మా దగ్గర లేదు. ఒక్క కోడు మీదే మూడూ చూపిస్తానన్నాడు మా ఆయన. పైన ఎర్ర లక్క, నడుమ స్పిరిట్ పాలిష్, కింద ఉత్త అవిసె నూనె. ఏది కావాలో వాళ్ళే ఏరుకుంటారు.

ముందు లక్క వేశాడు. తిరిగే కర్రకు లక్క పుల్ల ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుస్తుంది. నూనె మాత్రం ఆఖరునే. నూనె తగిలిన కర్రకు లక్క అంటదు. ఒక పూత ఇంకోదానిలోకి దాటకుండా మధ్యలో సన్నటి గాళ్ళు కోశాడు. పాలిష్ అద్దిన గుడ్డ బల్ల మీద పెట్టి, నూనె సీసా కోసం లోపలికి వెళ్ళాడు. నేను తాడు వదిలేశాను. తాడు వదిలితే పని అయిపోయినట్టే నా చేతికి. బల్ల మీది ఆ పాలిష్ గుడ్డే తీసి పైనుంచి కిందికి తుడిచేసింది ఆ చెయ్యి. స్పిరిట్ లక్కను తింటుంది. ఎరుపు గాడి దాటి పాలిష్‌లోకి చారలుగా దిగింది.

ఆయన వచ్చి చూశాడు. సీసా కింద పెట్టాడు.

"తిట్టండి," అన్నాను.

"తిడితే ఎరుపు వెనక్కి వెళ్తుందా? తాడు పట్టుకో."

ఒక పొర మొత్తం చెక్కేసి మళ్ళీ మొదటి నుంచి వేశాడు.

"కోడు సన్నబడిందండీ."

"ఏం కాదులే. దాని మీద నిన్నేమీ పడుకోబెట్టరుగా."

మర్నాడు పొద్దున తీసుకెళ్ళాడు. మేడ దగ్గర ఇచ్చి, తిరిగి వస్తూ తోటలో ఒక చెట్టు కింద కూర్చున్నాడట. కాయ కోసే కూలీలు నిద్రపోతున్నాడనుకున్నారు. తర్వాత బండిలో తట్టలు దించేసి ఆయన్ని తీసుకొచ్చారు. గుండె ఆగిందన్నారు. తట్టల కింద పరిచిన ఎండుగడ్డి జుట్టులో ఉంది. అందరూ ఏడుస్తున్నారు. నేను గడ్డి ఏరుతూ కూర్చున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు వ్యాపారి గుమాస్తా ఆ కోడు పట్టుకుని వచ్చాడు.

"ఇలాంటప్పుడు అడగకూడదమ్మా. కానీ అయ్యగారికి భలే నచ్చింది. నలభై ఎనిమిదీ అచ్చం ఇలాగే కావాలన్నారు."

"ఏ పూతండీ?"

"అదేంటమ్మా, మూడూను. పైన ఎరుపు, నడుమ పాలిష్, కింద నూనె. ఇలా ఎవరూ చెయ్యలేదన్నారు."

ఏరుకోవడానికి వేసినవని నేను చెప్పలేదు.

"మీరిద్దరూ కలిసే చేసేవాళ్ళటగా, మీకూ వచ్చేమో అడగమన్నారు."

"నాకు తాడు లాగడమే వచ్చండీ. రెండ్రోజులు ఆగమనండి."

ఆ రెండ్రోజులూ ఒక చేత్తో తాడు లాగుతూ ఇంకో చేత్తో ఉలి ఆనించి చూశాను. సగం తిరిగి ఆగిపోయేది కర్ర. ఉలి దిగబడేది. ఉలి పట్టే మనిషి కోసం అడిగించాను, దొరకలేదు. మూడో రోజు వెళ్ళి నా వల్ల కాదని చెప్పాను. అటు నుంచి అటే పెట్టెల షెడ్డుకు పోయాను. ఎనిమిది కాపులు అక్కడ మేకులు కొట్టాను.

అంతే. కలం ఆపావేం అమ్మాయ్? నీ మొహం చూస్తే నేను ఏడ్చానని ఎక్కడో కలిపినట్టున్నావు. నేనలా చెప్పలేదు. ఏదీ, మొదటి నుంచి చదువు, వింటాను.