తలుపు మీది పేర్లు

వెస్కాకు వదిన బిస్త్రా అంటే కుళ్ళు. దానికి మరో పేరు పెట్టి దాచుకోవడం వెస్కాకే చేతకాలేదు. రూసే పట్టణంలో ఇద్దరూ ఒకే బడి వంటగదిలో పనిచేశారు. రిటైరయ్యాక వెస్కాకు మోకాళ్ళ నొప్పులు మిగిలాయి, వదినకు అద్దెకిచ్చిన ఫ్లాట్లు మిగిలాయి. అన్నయ్య నోరు తెరిస్తే చాలు, మా బిస్త్రా అంటాడు. ఆ మాట వెస్కాకు గిట్టదు.

నాన్న పొలం అమ్మగా వచ్చిన వాటా డబ్బు చేతిలో పడగానే, తానూ ఒక ఫ్లాటు కొని అద్దెకిచ్చి, వదిన ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చోవాలనుకుంది. అప్పుడే ఆమె ఉండే భవనంలో మూడో అంతస్తు లాజర్ తాత పోయాడు. ఆయన ఫ్లాటు అమ్ముతారని మాట పుట్టింది.

సలహా అడగడానికి నామోషీ. అందుకని అన్నయ్య ఇంట్లో జున్ను పెట్టి కాల్చిన బానిత్స తింటూ, ఏమీ ఎరగనట్టు లాజర్ తాత ఫ్లాటు మాట కదిపింది. బిస్త్రా తనకు తెలిసిందంతా చెప్పేసింది. అట్టడుగు అంతస్తుకు చెమ్మ, పై అంతస్తుకు వాన కారడం, రెండూ వద్దంది. ఇల్లు చూడాలంటే వాన పడే రోజే వెళ్ళమంది. అమ్మేవాణ్ణి కాదు, ఆ కింది ఇంటివాళ్ళను అడగమంది. ఉన్నదంతా కొనడానికే పోసేయకుండా బాగుచేతకు కొంత ఉంచుకోమంది.

"అన్నిటికన్నా ముందు, వారసులంతా ఒప్పుకునేదాకా బయానా ఇవ్వకు వెస్కా. తొందరపడకు."

తొందరపడొద్దట! నన్ను ఆపి తాను తన్నుకుపోదామనే కదా, అనుకుంది వెస్కా.

నాలుగు రోజులు తిరక్కుండానే ఆ అనుమానం నిజమైనట్టు కనిపించింది. కిటికీలోంచి చూస్తే కింద గుమ్మం దగ్గర వదిన నిలబడి ఉంది. ఊరి ఆనవాయితీ ప్రకారం తలుపుకు అంటించిన లాజర్ తాత చావు కబురు కాగితాన్ని తీరిగ్గా చదువుతోంది. తర్వాత లోపలికొచ్చింది. తాత ఇంటి కింద ఉండే ముసలామె తలుపు తట్టడం మెట్లమీంచి వినిపించింది. వెస్కాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే తాత కొడుకు ఒగ్న్యాన్‌కు ఫోన్ చేసింది. మాట్లాడుతుండగానే తలుపు గంట మోగింది. తలుపు కంతలోంచి చూస్తే వదిన. వెస్కా గొంతు తగ్గించి బేరం ముగించింది గానీ తలుపు తియ్యలేదు. ఆ సాయంత్రమే ఒగ్న్యాన్ చేతిలో బయానా పోసింది. పొలం డబ్బులో సగం.

ఆదివారం అన్నయ్య ఇంటికి వెళ్ళింది, వదిన ముఖం మాడిపోతుంటే చూద్దామని. బయానా ఇచ్చేశానని చెప్పింది. బిస్త్రా కాఫీ కప్పు కింద పెట్టింది.

"ఒగ్న్యాన్ ఒక్కడికేనా? మరి వాళ్ళక్క?"

"ఏ అక్క?"

"వార్నాలో ఉంటుంది. తమ్ముడితో మాటల్లేవు. ఆ ఇల్లు చచ్చినా అమ్మదట, తానే వచ్చి ఉంటుందట. కింది ముసలామె చెప్పింది. నీకోసమే కదా కనుక్కున్నాను. అటునుంచి అటే నీ దగ్గరికొచ్చి గంట కొట్టాను. నువ్వు ఇంట్లో లేవు."

అక్క ఉన్న సంగతి నీకెలా తెలిసిందని వెస్కా అడిగింది.

"తలుపు మీద ఉందిగా. ఫొటో కింద దుఃఖంలో ఉన్నవాళ్ళ పేర్లు వేస్తారు. రేపు సంతకాలు పెట్టాల్సింది కూడా వాళ్ళే. నేనెప్పుడూ ముందు అదే చదువుతాను."

వెస్కా అక్కణ్ణుంచే ఒగ్న్యాన్‌కు ఫోన్ చేస్తే, అది మోగి మోగి ఆగిపోయింది. రేపు తానూ తోడు వస్తాననీ, ఇద్దరం కలిసి అడిగితే ఎంతో కొంత రాబట్టొచ్చనీ వదిన అంది. ఆ ముఖంలో ఎకసెక్కం లేదు. వెస్కా ఎంత వెతికినా కనిపించలేదు.

ఇంటికొచ్చి గుమ్మం దగ్గర ఆగింది. రొట్టె కోసం వెళ్తూ వస్తూ రోజూ దాటిపోయిన కాగితమే. కూతురు స్తెఫ్కా, కొడుకు ఒగ్న్యాన్. కూతురి పేరే ముందుంది. వెస్కాకు డబ్బు గురించి ఏడుపు రాలేదు. వదిన ఆ ఫ్లాటు మీద కన్నేసి ఉంటే ఎంత బాగుండేదో అని ఏడుపొచ్చింది.