మోత మాటలు

మొన్న ఎవరిదో పెళ్లి ఊరేగింపు మా వీధిన పోతూ సరిగ్గా మా కిటికీ కింద పటాకుల సరం అంటించింది. గది నిండా మందు వాసన. పక్కన కూర్చుని ఇంగ్లీషు పేపరు చదువుకుంటున్న మనవరాలు చెవులు మూసుకుని, "ఇదేం ఆన్‌స్లాట్ అమ్మమ్మా!" అంది. నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వానో ఆమెకు తెలియదు. ఆ మాట నాకు నేర్పిన రూతమ్మ టీచరమ్మను ఆమె చూడలేదు. చూసినవాళ్లు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు కూడా. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పంతొమ్మిది వందల నలభైలలో మేం కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా నాయన ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్. ఇంజన్ మోతలో అరిచి అరిచి అలవాటై, ఇంట్లో కూచుని ఉప్పు అడిగినా వీధంతా వినపడేది. మా ఒక్క ఇల్లే కాదు, అన్ని ఇళ్లూ అంతే. మెల్లగా మాట్లాడే మనిషి మా వరుసలో ఒక్కతే ఉండేది, చివరింటి రూతమ్మ టీచరమ్మ. ఒక క్రైస్తవ బడిలో ఇంగ్లీషు చెప్పేది. బక్కపల్చని మనిషి, ముక్కుమీద కోపం. ఆమె భర్త ప్యాసింజరు బండి గార్డు. ప్రయాణికులు సీట్లలో వదిలేసిన ఇంగ్లీషు పేపర్లు ఏరి భార్యకు తెచ్చిచ్చేవాడు.

అప్పుడు ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మా అన్న సాయిలు పటాలం లారీల మీద పనికి చేరి బర్మా వైపు పోయాడు. అన్నకు చదువు రాదు. ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో తెలిసే దారి లేదు. అందుకని సాయంత్రం కాగానే అమ్మ నన్ను వెంటబెట్టుకుని టీచరమ్మ అరుగు మీద కూర్చునేది. కొడుకుల్ని పంపిన తల్లులు ఇంకొందరు వచ్చేవారు. టీచరమ్మ ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి, తెలుగులో చెప్పేది. పేపరు వాళ్లకు పెద్ద పెద్ద మాటలంటే మహా ఇష్టం. గుండ్లు కురిస్తే డెల్యూజ్, అంటే జలప్రళయం. సైన్యం మీదపడితే ఆన్‌స్లాట్. తుపాకులన్నీ ఒక్కసారి పేలితే వాలీ. నాకవి నోరూరించేవి. ఇంటికి పోతూ దారి పొడుగునా వల్లె వేసుకునేదాన్ని. టీచరమ్మ మాత్రం వాటిని 'మోత మాటలు' అనేది.

ఒకనాడు అలాంటి వార్త ఒకటి చదివితే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"భయపడకు వదినె," అంది టీచరమ్మ. "ఇది రాసినాయన కండ్లతోని చూడలే. చూసినోడైతె ఏ ఊరు, ఎవరు, ఏమైన్రు అని రాస్తడు. చూడనోడే ప్రళయం అంటడు."

"అయితె మా పోరని సంగతి అండ్ల లేదు గద?"

"లేదు. మంచిగున్నడనీ లేదు. నాకు తెల్వది వదినె."

అమ్మ లేచి ఇంటికి పోయాక నేను ఉండబట్టలేక అడిగాను. "మంచిగున్నడని ఒక్క మాట చెప్తె ఏం బోతది టీచరమ్మా? అమ్మ జర అన్నం తింటది."

ఆమెకు కోపం వచ్చింది. "ఇయ్యాల ఉత్తగ చెప్తె రేపు నిజం చెప్పినా నమ్మది. అప్పుడెవరు చెప్తరు మీ అమ్మకు?" అంది. ఆ రాత్రి ఆమె మీద నాకు చాలా కోపంగా ఉండింది.

యుద్ధం అయిపోయింది. ఒక మధ్యాహ్నం అన్న బండి దిగాడు. చేతులూ కాళ్లూ అన్నీ ఉన్నాయి. అమ్మ ప్లాట్‌ఫారం మీదే వాడి మీద పడి, తిన్నవా, ఎందుకింత సన్నమైనవు, ఇన్ని దినాలు ఏడున్నవు అంటూ ఊపిరి తిప్పుకోకుండా అడిగింది. అన్న ఊరికే నవ్వుతూ నిలబడ్డాడు. లారీ పక్కనే గుండు పడిందట. ఆనాటి నుంచి చెవులు వినిపించవట. ఆ సంగతి తనే చెప్పాడు, అదీ సాయంత్రానికి.

ఇక మొదలైంది మా వాళ్ల వైద్యం. ఇంజన్ పక్కన మనిషికి వినపడకపోతే ఏం చేస్తాం? ఇంకా గట్టిగా అరుస్తాం. రైల్వే వాళ్లకు తెలిసిన మందు అదొక్కటే. నాయన ఒక చెవిలో, పక్కింటాయన ఇంకో చెవిలో. వరుస వరుసంతా వచ్చి, వినపడుతున్నదా, ఏమైంది, ఎట్లయింది అని నరాలు ఉబ్బేలా అరిచింది. అన్న తల రెండు చేతుల్లో దాచుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు. మర్నాడూ అంతే. తన సంచి సర్దుకుని, "నేను పోత," అన్నాడు. ఎక్కడికని అడిగితే వినపడదు. అమ్మ పరుగున పోయి టీచరమ్మను తీసుకొచ్చింది.

ఆమె గడపలోనే ఆగి కాసేపు చూసింది. అన్న చుట్టూ తెరిచిన నోళ్లు.

"భాగ్యా," అంది నాతో. "ఇంగ్లీషోల్లు తుపాకులకూ ప్రశ్నలకూ ఒకటే మాట ఎందుకు వాడుతరో నాకిన్నేండ్లు సమజ్ గాలే. వాలీ అంటే ఇదే బిడ్డా. పిలగాడు ఇంకా దాని కిందనే ఉన్నడు."

అందర్నీ బయటికి పంపేసింది. నాయన గొణిగాడు కానీ పోయాడు. అన్న భుజం తట్టి, వెలుతురు తన ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చుంది. పెదవులు కదిలేది కనపడేలా, ఒక్క మాట అంది.

"తింటవా?"

అని ఆగింది. అన్న చూశాడు. ఆమె మళ్లీ అడగలేదు, చెయ్యి కూడా ఊపలేదు, ఊరికే ఎదురుచూసింది. ఎంతసేపో నాకు గుర్తులేదు.

"ఏమున్నది?" అన్నాడు అన్న.

గుమ్మంలో నిలబడ్డ అమ్మ గబగబా ఏదో అనబోయి నోరు నొక్కుకుంది. వచ్చి కిటికీకి ఎదురుగా కూర్చుంది. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

"పచ్చిపులుసు," అంది.

"పెట్టు."

అమ్మ తన జీవితంలో అంత చిన్న జవాబు ఎవరికీ చెప్పి ఎరగదు.

అన్న ఎక్కడికీ పోలేదు. స్టేషన్లో ఇంజన్లకు నీళ్లు పట్టే పనిలో చేరాడు. నాయన కూడా నెలల తరబడి తంటాలు పడి అరవకుండా మాట్లాడటం నేర్చుకున్నాడు. నేను ఇంగ్లీషు చెప్పే పంతులమ్మనయ్యాను. టీచరమ్మ పోయింది, తర్వాత చాలా ఏళ్లకు అన్నా పోయాడు. నాకు మాత్రం ఆ అలవాటు పోలేదు. ఎవరితో మాట్లాడాలన్నా ముందు వెలుతురు ఎటుందో చూసుకుని కూర్చుంటాను. ఒక్క మాట చెప్పి ఆగుతాను. ఎదుటివాళ్ల చెవులు బాగానే ఉన్నాయని నాకు తెలుసు. అయినా ఆగుతాను.