బందరులో పెద్దమ్మ చేతి భోజనం

మా హాస్టలు వంట పెద్దమ్మ పోయింది. పోయిన నెల రెండో ఆదివారం ఆరాధన ముగిశాక, గుడివాడ చర్చి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే, కోడూరు నుంచి పని మీద వచ్చిన మా చిన్నాన్న కొడుకు ఈ కబురు చెప్పాడు. కోడూరులో తన చెల్లెలి కొడుకు ఇంట్లో పోయిందట. నాలుగు రోజులు జ్వరపడి లేచిందట. ఆ పొద్దున గంజి తాగి, గిన్నె తనే కడిగి బోర్లించి, కాసేపు పడుకుంటానని పడుకుందట.

"నువ్వంటే ఎంత ఇదో అక్కా ఆవిడికి. బందరు వచ్చి తన చేతి అన్నం తిని వెళ్ళావని ఊళ్ళో అందరికీ చెప్పేది. మారు అడిగి మరీ వేయించుకున్నావంటగా" అన్నాడు మా తమ్ముడు.

అవునన్నాను. అది నిజమే. కాని అది సగమే. మిగతా సగం ఆమె ఎవరికీ చెప్పలేదని అప్పుడే తెలిసింది నాకు. ఆమె దాచిపెట్టిన సగాన్ని నేను కూడా దాచుకుంటే, ఆమె మంచితనాన్ని కూడా దాచినట్టే అవుతుంది. అందుకని ఇది రాస్తున్నాను. ఇలాంటివి రాయడం నాకు అలవాటు లేదు. తప్పులుంటే చదివేవారు మన్నించాలి.

నేను బందరు వచ్చింది పదమూడో ఏట. మాది కోడూరు పక్కన చిన్న పల్లె. మా నాన్న నా బట్టల మూట నెత్తిన పెట్టుకుని, పులిగడ్డ రేవు దాటించి, బాలికల హాస్టలు గేటు దాకా తీసుకొచ్చి, అక్కడ వదిలి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. నేను వంటింటి అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే లోపలినుంచి ఒకామె వచ్చింది. పొడుగ్గా, చామనచాయగా, ముప్ఫై అయిదేళ్ళ మనిషి. తెల్ల చీర, మోచేతుల దాకా పిండి.

"ఆకలేసి ఏడుస్తున్నావా, ఇంటి మీద బెంగా?" అని అడిగింది.

బెంగ అన్నాను.

"ఆకలైతే మామూలుగా పెడితే సరిపోద్ది. బెంగైతే రెండు ముద్దలు ఎక్కువ పెట్టాలి. లే" అంది.

ఆమెదీ దివిసీమే. చిన్నతనంలోనే భర్త పోతే బందరు వచ్చి హాస్టల్లో వంటకు కుదిరింది. పిల్లలు లేరు. నలభై మంది ఆడపిల్లలం ఆమెను పెద్దమ్మా అనేవాళ్ళం. మమ్మల్నందర్నీ 'ఒసే' అనే పిలిచేది. ఏ ఒక్కరినీ పేరుపెట్టి పిలిచేది కాదు. అయినా ఆ పిలుపు ఎవరి కోసమో వాళ్ళకే తెలిసేది.

వంటలో ఆమెవి కొన్ని పద్ధతులుండేవి. చేపల పులుసులోకి ఉల్లిపాయలు పచ్చివి నూరేది కాదు. నిప్పుల మీద నల్లగా కాల్చి, పొట్టు తీసి నూరేది. దించే ముందు చిటికెడు మెంతిపిండి. ఉప్పు చూడటానికి చేతిలో వేసుకుని నాకడం ఎప్పుడూ చూడలేదు. కుండ మీదకి వంగి ఆవిరి పీల్చి, "ఇంకో రెండు ఉప్పుకల్లు పడాలి" అనేది. ఎలా తెలుస్తుందని అడిగితే, అన్నం తినే నోరున్నవాళ్ళకి ముక్కు కూడా ఉంటుందనేది.

ప్రార్థన విషయంలో మాత్రం చాలా పట్టింపు. అన్నం వడ్డించాక అందరం కళ్ళు మూసుకోవాలి. ఆమె ముందు గరిటె కడిగి, గిన్నె మూత మీద అడ్డంగా పెట్టేది. చేతులు తుడుచుకుని, కొంగు తల మీదకు లాక్కుని, అప్పుడు కళ్ళు మూసుకునేది. ఎంత తొందరలో ఉన్నా ఇందులో ఒక్కటి తప్పేది కాదు. "చేతిలో గరిటె ఉంటే ధ్యాసంతా పొయ్యి మీదే ఉంటది. దేవుడితో మాట్టాడేటప్పుడు చేతులు ఖాళీగా ఉండాలి" అనేది. ప్రార్థన కూడా పెద్దదేమీ కాదు. "ఈ పూటకి అన్నం ఇచ్చావు ప్రభువా, నీకు స్తోత్రం. లేనోళ్ళకి కూడా ఇయ్యి తండ్రీ." అంతే.

ఆకలికి ఆగలేక మాలో ఎవరైనా ముందే ఒక ముద్ద కలిపేస్తే ఆమె కంట పడక తప్పేది కాదు. చెయ్యి అన్నంలో పెట్టాక కళ్ళు మూసుకుంటే దేవుడికి ఎంగిలి పెట్టినట్టే అనేది. "ఇప్పుడు నీ ప్రార్థన కూడా నేనే చెయ్యాలి. నాకు పనెక్కువ పెట్టకండే" అని, ఆ పిల్ల తల మీద ఎడమచేత్తో చిన్నగా మొట్టి, తనే ఇంకోసారి కళ్ళు మూసుకునేది. మేము నవ్వుకునేవాళ్ళం.

హైస్కూలు చదువు అయ్యాక నాకు బందరులోనే పెళ్ళయింది. పద్నాలుగేళ్ళు అక్కడే కాపురం చేశాను. అప్పుడప్పుడూ హాస్టలుకి వెళ్ళి ఆమెను చూసి వచ్చేదాన్ని. తరవాత మావారి మిల్లు ఉద్యోగం కోసం బందరు వదిలి పదేళ్ళు గోదావరి జిల్లాలో ఉండి, ఆరేళ్ళ కిందట గుడివాడ చేరాం.

గుడివాడలో మాకు ఇల్లు దొరకలేదు. రెండు నెలలు మావారు మిల్లు గదిలో, నేను మా అక్క ఇంట్లో ఉన్నాం. ఇల్లు చూపించి, నచ్చిందా అని అడిగి, తరవాత "మీరేవిట్లండీ?" అనేవారు. మేము క్రైస్తవులమని చెప్పగానే, ఆ ఇల్లు అంతకుముందే ఎవరికో మాటిచ్చామనేవారు. అయిదో ఇంటి దగ్గర ఆ ప్రశ్న వచ్చినప్పుడు మావారు "మాది దివిసీమండీ" అన్నారు. అడిగింది ఊరు కాదని ఇద్దరికీ తెలుసు. ఇంటాయన మళ్ళీ అడగలేదు. ఇల్లు దొరికింది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో మేము ఏమిటన్నది ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆదివారం బైబిలు సంచీలో పెట్టి, పైన తోటకూర కట్టో గోంగూర కట్టో పెట్టుకుని, చుట్టుదారిన చర్చికి వెళ్ళేదాన్ని. దేవుడు హృదయాన్ని చూస్తాడులే అని సర్దిచెప్పుకునేదాన్ని. ఇంటివారావిడ చాలా మంచిది. నన్ను వదినగారూ అని నోరారా పిలుస్తుంది. ఆ మంచితనం ఎక్కడ పోతుందోనన్న భయం ఇల్లు పోతుందన్న భయం కంటే ఎక్కువగా ఉండేది.

మూడేళ్ళ కిందట ఇంటివారావిడకు కళ్ళు మసకలొచ్చాయి. బందరులో మంచి కంటి డాక్టరున్నాడని, నాకు బందరు కొట్టిన పిండని, నేను తీసుకెళ్తానని గొప్పగా చెప్పాను. బయల్దేరేటప్పుడు ఆమె తను బొట్టు పెట్టుకుని, ప్రయాణం కదా అని నా నుదుటన కూడా పెట్టింది. వద్దనలేదు. రైల్లో చెమట తుడుచుకునే వంకతో చెరిపేసుకోవచ్చు. అదీ చెయ్యలేదు.

పెడన దాటగానే కిటికీలోంచి ఉప్పుగాలి తగిలింది. పదమూడేళ్ళ తరవాత. నాకు కళ్ళు చెమర్చాయి. డాక్టరు ఆమె కళ్ళలో చుక్కలు వేసి, సాయంత్రం దాకా దగ్గరివేవీ సరిగ్గా ఆనవని చెప్పాడు. చెయ్యి పట్టుకుని నడిపించాను. అప్పటికి మధ్యాహ్నమైంది. చేపల మార్కెట్టు వెనక చేపలమ్మే ఒకామె హోటలు పెట్టిందని, పులుసు బాగుంటుందని, ఆడవాళ్ళకు విడిగా తడిక కట్టారని రిక్షా అతను చెప్పాడు. హోటలంటే ఏమంటుందోనని ఇంటివారావిడ వైపు చూశాను.

"చేపల పులుసు పేరు చెప్పి నన్ను ఎక్కడికైనా తీసుకుపోవచ్చు వదినగారూ" అందామె.

తడిక పక్కనే వంటిల్లు. అరిటాకులు వేశారు. పొగలు కక్కే అన్నం, దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, చిన్న ముంతలో బొమ్మిడాయిల పులుసు. ఆకు ముందు కూర్చోగానే అలవాటుగా నా తల వంగింది. రెప్పలు సగం వాలాయి. పక్కన ఇంటివారావిడ. తడిక అవతల మగవాళ్ళ మాటలు. నా నుదుట బొట్టు. కళ్ళు తెరిచి అన్నంలో చెయ్యి పెట్టాను.

ఒక్కమాట చెప్పాలి. పక్కనున్న మనిషికి ఆ వేళ తన ఆకులో ముంత ఎక్కడుందో కూడా తెలియడం లేదు. నేను కళ్ళు మూసుకున్నా తెరిచినా ఆమెకు కనపడదు. అయినా నేను మూసుకోలేదు.

పులుసు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కాల్చిన ఉల్లిపాయ, చివర మెంతిపిండి. ముద్ద నోట్లోనే ఉంది. తలెత్తి చూశాను. వంటింటి గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. జుట్టంతా తెల్లబడింది. మనిషి సగమైంది. నా మొహం చూసింది, బొట్టు చూసింది, ఆకులో నా చెయ్యి చూసింది. ఒక్క నిమిషం అక్కడే ఆగిపోయింది. ఆ నిమిషం సంగతి చివర రాస్తాను. ఇక్కడే రాస్తే మిగతాది రాయడానికి చెయ్యి ఆడదు.

తరవాత దగ్గరికి వచ్చి, "పులుసు వెయ్యమంటారా అమ్మగారూ?" అంది.

నా పదమూడో ఏటినుంచి ఆమె నోట 'మీరు' అన్న మాట నేను విననే లేదు.

"వెయ్యండి. మీరేనా చేసింది? ఎంత కమ్మగా ఉందో" అంది ఇంటివారావిడ. నా వైపు తిరిగి, "మీరు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళేగా, ఈవిణ్ణి ఎరుగుదురా?" అని అడిగింది.

"లేదండీ. నేనెరగను" అన్నాను.

పెద్దమ్మ నా ఆకులో పులుసు వేసింది. "బందరు పెద్దూరు కదండీ. అందరూ అందరికీ ఎట్టా తెలుస్తారు" అని నన్ను కాచింది. "తినండమ్మా. కడుపునిండా తినండి."

ఇంతలో తడిక అవతలినుంచి హోటలామె, అడగకపోయినా చెప్పింది. ఆవిడ కిరస్తానీ పెద్దమ్మ అని, హాస్టల్లో ముప్ఫై ఏళ్ళు వండిందని, వయసు మళ్ళిందని మానిపిస్తే, అన్నాళ్ళూ ఆ హాస్టలుకి చేపలు వేసిన తను ఊరుకోలేక తెచ్చుకున్నానని. ఇంటివారావిడ చెయ్యి ఆకులో ఒక్క క్షణం ఆగింది. లేస్తుందనుకున్నాను.

"ముప్ఫై ఏళ్ళ చెయ్యా? అందుకే. అయితే ఇంకో గరిటె పడాల్సిందే" అందామె.

అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. తెరిచాను, మారు అడగడానికి. అన్నిటికన్నా నాకు సిగ్గనిపించేది ఇదే. అంత అబద్ధమాడిన నోటికి ఆ పులుసు చేదుగా తగల్లేదు. పదమూడేళ్ళ ఆకలి తీరినట్టు తిన్నాను. చిన్నప్పటి వంటిల్లు, వానాకాలం పొయ్యి వెచ్చదనం, మా నాన్న తిరిగి చూడకుండా వెళ్ళిన దారి, అన్నీ ఆ ఆకులోనే ఉన్నాయి. ఆకు ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.

పెరట్లో చేతులు కడుక్కుంటుంటే ఆమె చెంబుతో నీళ్ళు పోసింది. నేను తల దించుకున్నాను. నా ఒక్కదానికే వినపడేలా, "చిక్కిపోయావే" అంది. మళ్ళీ కొంచెం ఆగి, "బెంగ పెట్టుకోమాక. రెండు ముద్దలు ఎక్కువే పెట్టాను" అంది. తడి చేతుల్తోనే బయటికి వచ్చేశాను.

ఆ తరవాత ఆమె హోటలు మాని కోడూరు వెళ్ళిపోయిందని విన్నాను. వెళ్ళి కాళ్ళ మీద పడి క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. తీరిక లేక మానలేదు. మొహం చెల్లక మానాను. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

కబురు తెలిసిన రోజు ఇంటికొచ్చి పెరటి గట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే ఇంటివారావిడ వచ్చి ఎవరు పోయారని అడిగింది. ఆ రోజు మొత్తం చెప్పేశాను, హాస్టలు, బైబిలు, అన్నీ. ఇల్లు పోతే పోయిందనుకున్నాను. ఆమె నా పక్కన కూర్చుంది.

"మీరు మా ఇంట్లో దిగిన మూడోవారమే నాకు తెలుసు వదినగారూ. ప్రతి ఆదివారం ఆకుకూర కొనుక్కోడానికి పట్టుచీర ఎవరు కడతారండీ?" అంది. నేను ఏడుస్తూనే నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. "అది సరేగాని, ఆ ముసలావిణ్ణి ఎరగనని ఎందుకన్నారు? నాకు భయపడా? నేను మిమ్మల్నేం చేస్తాననుకున్నారు?" అని అడిగింది.



ఇప్పుడు ఆదివారం బైబిలు చేత్తోనే పట్టుకుని, తిన్నని దారిలో చర్చికి వెళ్తున్నాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఇంత చిన్న పని చెయ్యడానికి ఒక మనిషి పోవాల్సి వచ్చిందని చెప్పుకుంటున్నాను.

చివర రాస్తానన్న నిమిషం ఇది. పెద్దమ్మ నన్ను చూసింది, ఆకులో నా చెయ్యి చూసింది. నేను ప్రార్థన చెయ్యకుండా తిన్నానని తెలుసుకుంది. పొయ్యి మీదనుంచి అప్పుడే తీసిన గరిటె చేతిలో ఉంది. దాన్ని కడగలేదు, దించలేదు, చేతులు తుడుచుకోలేదు, కొంగు కప్పుకోలేదు. అంత వ్యవధి లేదు. నేను ఆ సరికే రెండో ముద్ద కలుపుతున్నాను. ఆ గుమ్మంలోనే, గరిటె పట్టుకునే, కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. ఎన్ని మాటలో నాకు తెలుసు. ఆ మాటలు పూర్తయ్యేదాకా గరిటె చివరినుంచి పులుసు ఒక్కొక్క చుక్కే ఆమె పాదం మీద పడుతూ ఉంది. వేడి పులుసు. ఆమె కాలు కదపలేదు.