బల్ల మీద వేలి చప్పుడు

నిరుడు ఎండాకాలం. రెజిమెంటల్ బజార్‌లో ఒక బట్టల దుకాణం పైన నా స్పానిష్ క్లాసు. పద్దెనిమిదేళ్లుగా అవే క్రియలు, అవే తప్పులు. ఒక్కోరోజు నా గొంతు నాకే విసుగు.

స్పానిష్‌లో ‘ఆబ్లో’ అనే మాట ఉంది. ‘ఆ’ మీద స్ట్రెస్, అంటే ఊనిక, పెడితే ‘నేను మాట్లాడతాను’. ‘బ్లో’ మీద పెడితే ‘ఆమె మాట్లాడింది’. మనకు ఈ అలవాటు లేదు; ఊని పలకమంటే సాగదీస్తాం. అందుకే మాటను సిలబుల్స్‌గా, ఒక్కో పలుకుగా విడగొట్టి వేలితో బల్ల మీద కొట్టిస్తాను. ఊనిక ఉన్న పలుకు దగ్గర గట్టిగా కొట్టాలి.

మల్కాజ్‌గిరి నుంచి సునీత వచ్చేది. ఆమె పనిచేసే కాల్ సెంటర్‌లో ఇంగ్లిష్ విభాగం మూసేస్తున్నారు. స్పానిష్ పరీక్ష నెగ్గితేనే ఉద్యోగం నిలుస్తుంది. ఇంటికి ఆమె జీతమే ఆధారం.

“నాతోని అయితలేదు మేడమ్. జెర అల్కగ చెప్పుండ్రి” అంది మొదటి వారం, తేలిక దారి అడుగుతూ.

“ముందు కొట్టు. తర్వాత పలుకు” అన్నాను.

రెండు నెలలు కొట్టింది. బస్సులో ముందు సీటు కడ్డీ మీద, ఇంట్లో గిన్నెల మీద. ఊనిక ఒక్కటీ తప్పేది కాదు.

ఆన్‌లైన్ పరీక్ష అయ్యాక వచ్చి కూలబడింది. “ఫెయిల్ చేసిన్రు మేడమ్. పక్కన ఎవరో బల్ల కొట్టి జవాబులు అందిస్తున్నరంట. నేనే కొట్టిన అంటె నమ్ముతలేరు.”

గోరుచుట్టు మీద రోకటి పోటు. ఆ పోటు వేసింది నేనే. సిగ్గేసింది. పరీక్ష పెట్టిన అధికారికి ఫోన్ చేసి, అలా కొట్టమన్నది నేనేనని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఫోన్‌లోనే బల్ల కొడుతూ పది క్రియలు పలికి వినిపించాను.

“సరే, ఇంకొక్కసారి. చేతులు కెమెరాలో కనబడాలి, చప్పుడు రావద్దు” అన్నాడు.

నాలుగు రోజులే గడువు. చేతులు కట్టుకుని పలకమంటే సునీతకు ఊనికలన్నీ చెదిరిపోయేవి. “చెయ్యి ఊకుంటలేదు మేడమ్” అని ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. కొట్టడం నేర్పాను గానీ, దాన్ని మాన్పించడం నా పాఠంలోనే లేదు.

ఐదో రోజు ఫోన్ చేసింది. “పాసైన మేడమ్!”

“చేతులు కట్టుకునే చెప్పావా?”

“కట్టుకునే చెప్పిన. కాలి బొటనవేలుతోని కొట్టిన. చప్పుడు కాలె.”

చాలా రోజుల తర్వాత నవ్వాను. ఇప్పుడు కొత్త క్లాసు మొదలైన మూడో వారం నుంచే అందరినీ చేతులు కట్టుకోమంటున్నాను. నా వేలే ఇంకా మాట వినడం లేదు.