బురదలో ఆగిపోయిన తుపాకీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక తుపాకీ ఉండేది, అదీ మాటల్లోనే. దాన్ని మా తాతయ్య తప్ప ఎవరూ చూడలేదు. ఆయన మిలిటరీ వర్క్‌షాపులో చాలా ఏళ్లు ఫిట్టరుగా పనిచేసి, రిటైరయ్యాక భీమడోలు దగ్గర మా ఊరొచ్చి ఇంజన్లు బాగుచేసేవారు. ఎవరి మోటారు మొరాయించినా "తుపాకీ తాతగారిని పిలవండి" అనేవారు ఊళ్లోవాళ్లు. నాకేమో మోటార్ల కంటే ఆ తుపాకీ మీదే ధ్యాస.

అడిగితే చాలు, సుద్దముక్కతో అరుగు మీద బొమ్మ గీసి చూపించేవారు. మామూలు రైఫిల్లో తూటాల పెట్టె ట్రిగ్గరుకి ముందుంటుంది. దీనికి వెనకాల, భుజానికి ఆనించే వైపు ఉండేదట. అందుకని గొట్టం పొడవు తగ్గకుండానే తుపాకీ జానెడు పొట్టిదైంది. లారీలోంచి దూకే సిపాయికి ఎక్కడా తగులుకోదు. లోపల ముందుకీ వెనక్కీ ఆడే బోల్టును మా తాతయ్యే ఆకురాయితో అరగదీసి అమర్చారు. వెంట్రుక పట్టేంత సందు కూడా లేదని చెప్పేటప్పుడు ఆయన వేళ్లు గాలిలోనే ఆ బోల్టును జరిపేవి. ఇంత గొప్ప తుపాకీ ఏ యుద్ధంలో పేలిందని అడిగితే మాత్రం సుద్దముక్క జేబులో వేసుకుని లేచి వెళ్లిపోయేవారు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఏలూరులో సైన్సు ఎగ్జిబిషన్ అన్నారు. నేను రేకుతో పడవ చేశాను. రబ్బరు బ్యాండు మెలితిప్పి వదిలితే వెనకాల చిన్న ఫ్యాను తిరిగి, బేసిన్లో ఈ అంచు నుంచి ఆ అంచుకు రయ్యిన పోయేది. మొదటి బహుమతి నాదేనని ఇంటిల్లిపాదికీ చెప్పేశాను. తాతయ్య నాచేత మూడుసార్లు వదిలించి చూసి, బాగుందమ్మా, కాలవలో కూడా చూద్దామా అన్నారు. కొల్లేటికి పోయే మా కాలవ నిండా నాచే. పడవ బారెడు దూరం వెళ్లిందో లేదో, ఫ్యానుకి నాచు చుట్టుకుని ఆగిపోయింది. మళ్లీ వదిలాను, మళ్లీ ఆగింది. తెల్లారితే ఎగ్జిబిషన్. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అక్కడ బేసిన్లోనే కదా వదిలేది, కాలవలో ఎందుకు వేయించారని ఆయన మీద విరుచుకుపడ్డాను.

ఆయన కోప్పడలేదు. గట్టు మీద కూర్చుని, ఫ్యానుకి చుట్టుకున్న నాచు ఒక్కొక్క పోగే తీస్తూ, ఇన్నాళ్లూ దాటేసిన కథ చెప్పారు.

వాళ్ల వర్క్‌షాపులోనే కొత్తగా తయారైన ఆ తుపాకీని సైన్యంలోకి తీసుకోవాలా వద్దా అని పరీక్షలు పెట్టారట. ఎత్తు నుంచి పడేశారు, ఇసుకలో పొర్లించారు, నీళ్లలో ముంచారు. అన్నిట్లోనూ నెగ్గింది. చివరిది బురద. జల్లించిన మట్టిని తొట్టెలో నీళ్లతో కలిపి, మెత్తగా పిండిలా చేసి ఉంచారు. అందులో ముంచి తీసినా చక్కగా పేలింది. దాన్ని తయారుచేయించిన ఆఫీసరు పొంగిపోయారు. ఇక సంతకాలు పెట్టడమే తరువాయి. కొల్లేటి పక్కన పుట్టిన మా తాతయ్యకు మాత్రం మనసొప్పలేదు. బురదంటే అది కాదని ఆయనకు తెలుసు. వేర్లుంటాయి, కుళ్లిన ఆకులుంటాయి, నత్తగుల్లల ముక్కలుంటాయి. నోరు ఊరుకోక ఆ మాట అనేశారు. అని ఊరుకోకుండా, వర్క్‌షాపు వెనక చెరువులో దిగి బకెట్టుతో తనే తెచ్చి తొట్టెలో పోశారు. ఈసారి ముంచి తీశాక రెండు తూటాలు పేలాయి. మూడోదానికి బోల్టు పట్టేసింది. ఆయన అంత ముచ్చటగా అమర్చిన చోటే గుల్ల నలుసొకటి ఇరుక్కుంది. సందు పెంచి మళ్లీ చేస్తామని వర్క్‌షాపువాళ్లు అన్నారు గానీ, అప్పటికే పైవాళ్లు వేరే రైఫిల్ వైపు మొగ్గారు. చేసిన పదో పన్నెండో తుపాకులు గోదాములోకి పోయాయి. ఆ ఆఫీసరు బదిలీ అయ్యేదాకా తాతయ్యతో మాట్లాడలేదు.

"మీరు మాట్లాడకుండా ఉంటే మీ తుపాకీ నెగ్గేది కదా తాతయ్యా!" అన్నాను.

"నెగ్గేదమ్మా. ఇప్పటికీ బాధగానే ఉంటాది. కానీ దాన్ని పట్టుకుని బురదలో పడుకునేది నేను కాదు కదా. ఏ భీమడోలు కుర్రాడో, ఏ దెందులూరు కుర్రాడో. మూడో తూటా పేలకపోతే వాడేం చేస్తాడు, చెప్పు?"

మర్నాడు బస్సులో పడవతో పాటు ఒక డబ్బాలో కాలవ నీళ్లూ నాచూ కూడా ఏలూరు పట్టుకెళ్లాను. రెండు బేసిన్లు పెట్టి, "ఇందులో నడుస్తుందండీ, ఇందులో నడవదండీ. నాచు చుట్టుకోకుండా ఏం చేయాలో ఇంకా తెలీదండీ" అని వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను. మా టీచరుగారు తల పట్టుకున్నారు. బహుమతి రాలేదు, ఇంటికొచ్చేదాకా నాకు ఉక్రోషం తగ్గలేదు కూడా. ఎగ్జిబిషన్ చూడ్డానికి నాతో వచ్చిన తాతయ్య మాత్రం ఆ రెండో బేసిన్ దగ్గరే చాలాసేపు నిలబడ్డారు. ఫ్యాను చుట్టూ జాలీ కడితే ఎలా ఉంటుందని, తనకేమీ తెలియనట్టు నన్నే అడిగారు.

తర్వాత నేను కాలవల శాఖలో ఇంజనీరునయ్యాను. ఎన్నో పంపులు పరీక్షించి సంతకాలు పెట్టాను. శుభ్రమైన నీళ్ల తొట్టెలో నడిపి చూపిస్తే ఒప్పుకునేదాన్ని కాదు, మా కాలవ నీళ్లు తెప్పించండి అనేదాన్ని. విసుక్కున్నవాళ్లు చాలామందే.

ఆ తుపాకీ పేరు ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. దాన్ని నమ్ముకుని బురదలో ప్రాణం పోగొట్టుకున్న కుర్రాడు కూడా ఎక్కడా లేడు. నేనూ రిటైరయ్యాను, ఇప్పుడు సంతకాలు పెట్టేదేమీ లేదు. అయినా ఎవరైనా ఏదైనా చూపించి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుందండీ అంటే, లేని ఆ కుర్రాడే వచ్చి నా కళ్ల ముందు నిలబడతాడు.