పాలు రాసుకోని కంప్యూటర్

బడిలో నాకు చదవడం వచ్చేది, రాయడమే వచ్చేది కాదు. పరీక్షలేమో రాయడానికే పెట్టారు. అందుకని తొమ్మిదో తరగతి మధ్యలోనే బడికీ నాకూ తెగిపోయి, ఇద్దరం నెమ్మదిగా ఉన్నాం. ఇప్పుడు హుస్నాబాద్ బస్టాండు దగ్గర ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేస్తాను. నా చేతికొచ్చినవి బాగుపడటం ఎక్కువ, పూర్తిగా పోవడం తక్కువ. ఆ తక్కువ సంగతి దుకాణం బోర్డు మీద రాయించలేదు.

మా ఊళ్లో పాల కేంద్రం నడిపే ఆమె వరుసకు నాకు వదిన. భర్త దుబాయిలో ఉంటాడు. పక్క ఊరి కేంద్రం మూతపడితే, అక్కడ పాలు పోసే రైతుల ఇల్లిల్లూ తిరిగి తన దగ్గరికి రమ్మని ఒప్పించింది. ఎవరు ఎన్ని పాలు పోశారో రాసుకునే డేటాబేస్ ఆమె మెమరీ కార్డులో ఉంటుంది. కొత్తవాళ్ల పేర్లన్నీ మధ్యాహ్నం దుకాణంలో నేనే అందులోకి ఎక్కించి, కార్డు ఆమె చేతికిచ్చాను. ఇంటికి తీసుకుపోయి, పాల వేళకు కేంద్రంలోని కంప్యూటర్‌కు పెట్టుకుంటే చాలు.

సాయంత్రం ఆమె నుంచి ఫోను.

"మర్దీ, జల్ది రా. పేర్లన్ని కనవడుతున్నయ్ గని పాలు ఎక్కుతలేవు."

నేను వెళ్లేసరికి కొత్తవాళ్లు క్యాన్లతో వరుస కట్టి ఉన్నారు. లీటర్లు, వెన్న శాతం అచ్చయిన చీటీ చేతికి రానిదే వాళ్లు పాలు పోయరు. రోడ్డుకు అవతల ప్రైవేటు డెయిరీ వ్యాను ఆగి ఉంది. మొదటి పూటే వాళ్లు అటు నడిస్తే మళ్లీ ఇటు రారు. ఆ సంగతి వదినకు తెలుసు, వ్యాను డ్రైవరుకు ఇంకా బాగా తెలుసు.

తెర మీద ఒకటే మాట: రీడ్ ఓన్లీ. ఉన్నది చదువుతుంది, కొత్తది రాయదు. నా తొమ్మిదో తరగతే వచ్చి ఎదురుగా కూర్చున్నట్టనిపించింది.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. అదే మాట. ఫైలు సెట్టింగుల్లో ఎవరైనా రీడ్ ఓన్లీ అని టిక్కు పెట్టారేమోనని చూశాను, లేదు. ఇక నేను ఎక్కించిన పేర్లే కొంప ముంచాయనుకుని, కరీంనగర్‌లో కంప్యూటర్ల దుకాణం నడిపే దోస్తుకు ఫోన్ చేశాను. ఆయన ముందు నవ్వి, తర్వాత మాట్లాడాడు.

"మళ్ల ఏం ఖరాబు చేసినవ్ భాయ్?"

"ఏం చెయ్యలే. పేర్లు ఎక్కించినంక గూడ నా దుకాణంల మంచిగనే రాసింది."

"అయితే నీ పేర్లది గాదు తప్పు. గా డేటాబేస్‌ను జర ఇడిసిపెట్టు. కార్డుల ఉత్త ఫైలు ఒకటి చేసి చూడు."

చేయబోతే దాన్నీ ఒప్పుకోలేదు.

"గట్లైతే కార్డే రాయనిస్తలేదు. పరేషాన్ గాకు, బయటికి గుంజి చూడు."

ఇంతలో వరుసలో ముందున్న పెద్దాయన క్యాను ఎత్తుకున్నాడు. "పాలు ఇరిగినంక చీటీ ఏం చేసుకుంట బిడ్డా," అన్నాడు వదినతో.

"జరాగు కాకా. మా మర్ది వచ్చిండు గదా."

"వచ్చినకాన్నించి ఫోన్లనే ఉన్నడు," అన్నాడు కాక.

కార్డు లాగాను. నా వేళ్లు పచ్చబడ్డాయి. కార్డు నిండా పసుపు, నడుమ కుంకుమ బొట్టు. ఆ రకం పెద్ద కార్డుకు అంచున గోరంత మీట ఉంటుంది, అది కిందికి జరిగితే కార్డుకు తాళం పడ్డట్టే. అదిప్పుడు కిందికి జరిగి, తడి పసుపులో ఇరుక్కుని, పసుపు ఆరేసరికి అక్కడే బిగుసుకుపోయింది.

"వదినె, గిదేంది?"

"కొత్తోళ్ల పేర్లతోని ఇంటికి వచ్చింది గదా. దేవుని కాడ పెట్టి బొట్టు పెట్టిన. మోటరు కొన్ననాడు మోటరుకు పెట్టలేదా?"

"గింత గట్టిగ పూసినవా?"

"పసుపు గూడ నిన్నడిగి పుయ్యాల్నా?"

ఆమె గాజుకు వేలాడే పిన్నీసు అడిగి తీసుకుని, పసుపు గీకి మీట పైకి జరిపాను. కార్డు మళ్లీ పెట్టగానే కాక క్యాను తూకం కంప్యూటర్‌లో ఎక్కి, చీటీ బయటికొచ్చింది. కాక దాన్ని దూరంగా పట్టుకుని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెనుకవాళ్లు ముందుకు జరిగారు. కాసేపటికి చూస్తే రోడ్డుకు అవతల వ్యాను లేదు.

అందరూ పోయాక వదిన చిక్కటి పాలతో చాయ్ పెట్టింది. అంత చాయ్ తాగాక నేను ఊరుకుంటానా.

"వదినె, గింత పని చేసిన. నన్ను గూడ దేవుని కాడ కూసోబెట్టి ఒక బొట్టు పెట్టరాదు?"

ఆమె క్యాన్లు కడుగుతూ తల కూడా ఎత్తలేదు.

"బొట్టు పెడితే నీ నోరు గూడ గా కార్డు తీరుగ బందయితదంటే చెప్పు మర్దీ, ఇప్పుడే పెడుత."